పోయిన పుస్తకాన్ని వెతకొద్దు

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాను. టికెట్టుకు టికెట్టు, పైసకు పైస లెక్క అప్పజెప్పి గాని ఇంటికి వెళ్లినవాణ్ని కాను. ఇప్పుడు నేను చెప్పబోయేవి మాత్రం లెక్కకు పూర్తిగా విరుద్ధం. ఊళ్లో పుస్తకాల పెట్టె పెట్టాలని, అందులోంచి ఎవరైనా తీసుకుని ఎవరైనా పెట్టేలా నడపాలని అడగడానికి వచ్చినవాళ్లు నా మాటలు విని, "ఇవన్నీ తలకిందుల సలహాలు గదన్నా" అని వెళ్లిపోయారు. తలకిందులే. కాని ఇవన్నీ నేను చేసి, దెబ్బ తిని, కళ్లతో చూసి చెబుతున్నవి.

తాళం వేయొద్దు

నంబులపూలకుంటలో బస్సు ఆగే చోట, టీ కొట్టు పక్కన నేను మొదట పెట్టిన పెట్టె చూడముచ్చటగా ఉండేది. అద్దాల తలుపులు, ఇత్తడి తాళం, దారంతో కట్టిన పెన్ను, గీతలు కొట్టిన రిజిస్టరు. నూట ఇరవై పుస్తకాలు, ఒక్కోదాని వీపున నంబరు చీటీ. తాళంచెవి టీ కొట్టు నడిపే కుర్రాడి దగ్గర ఉంచాను. మూడు నెలలు గడిచాక రిజిస్టరు తీసి చూస్తే పదకొండు పేర్లున్నాయి. వాటిలో నాలుగు మా ఇంట్లోవాళ్లవే.

జనానికి చదివే గుణం లేదని నేను కూడా అందరిలాగే అనుకున్నాను. ఆ ఏడు చెనిక్కాయ పంట దెబ్బతింది. ఆ కుర్రాడు కొట్టు మూసి, భార్యాబిడ్డలతో బెంగుళూరు పనికి వెళ్లిపోయాడు. తాళంచెవి అతని చొక్కా జేబులోనే వెళ్లింది. రెండు వారాలు చూసి, రాయి తీసుకుని తాళం పగలగొట్టాను. కొత్త తాళం కొనడానికి కదిరికి వెళ్లే తీరిక ఆ వారం దొరకలేదు, అంతే.

తర్వాతి ఆదివారానికి పెట్టెలో పందొమ్మిది పుస్తకాలు లేవు. కండక్టరు చెవికి 'షార్టు' అనే మాట కంటే చేదు మాట ఉండదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి పెట్టె దగ్గర కాపలా కూర్చున్నాను. కాసేపటికి ఒకామె, కూలికి వెళ్లే మనిషి, అటూ ఇటూ చూసి ఒక పుస్తకం తీసింది. నన్ను చూసి గతుక్కుమంది. "దొంగతనం గాదు సామీ, సంతకం పెట్టేది నాకు రాదు. అందుకే ఇన్నాళ్లూ అడగలేదు" అంది. పుస్తకం కొడుక్కట. వాడు ఆరో తరగతి.

ఆమె ఆ మాట అన్నాక నాకు తల తిరిగినట్టయింది. పుస్తకాలను కాపాడుతుందని నేను పెట్టిన తాళం, ఎవరి కోసం పెట్టె పెట్టానో వాళ్లనే మూడు నెలలు బయట నిలబెట్టింది. తాళంచెవి ఒక మనిషి దగ్గర ఉంటే పుస్తకం తీయాలన్నా ఆ మనిషిని అడగాలి. అడగడమంటే మన ఊళ్లలో చిన్న విషయం కాదు. ఎవరు ఎవర్ని అడగొచ్చు, ఎవరి గడప దగ్గర ఎవరు నిలబడొచ్చు అన్నది ఇంకా కులం చెబుతూనే ఉంది. తాళం లేని పెట్టె ముందు ఆ ప్రశ్న పుట్టదు. తిరిగి తాళం వేయలేదు.

యూరపులో పాత కాలపు గ్రంథాలయాల్లో పుస్తకాలను ఇనుప గొలుసులతో అరలకు కట్టేవారు. గొలుసు ఎంత పొడుగో అంత దూరమే పుస్తకం వచ్చేది. మన గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద దిక్కైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాల పుస్తకం రాసినప్పుడు మొట్టమొదటి సూత్రంగా పెట్టింది పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్న మాటే. ఆ గొలుసుల సంగతి ఎత్తింది కూడా అక్కడే. నా ఇత్తడి తాళం ఆ గొలుసుకు చుట్టమే.

రిజిస్టరు తీసేసి టికెట్లు చూడండి

రిజిస్టరు లేకపోతే పుస్తకం ఎక్కడికి పోయిందో ఎలా తెలుస్తుందని అడుగుతారు. రిజిస్టరు ఉన్నా తెలియదు. అది పేరు చెబుతుంది, తేదీ చెబుతుంది, అక్కడితో ఆగిపోతుంది. తీసుకెళ్లినవాడు అత్తకిచ్చాడా, అత్త పక్కింటికిచ్చిందా దానికి తెలియదు.

నాకు మాత్రం తెలుస్తుంది. జనం పేజీ గుర్తుకు బస్సు టికెట్టు పెట్టుకుంటారు. ముప్పై ఏళ్లు టికెట్లు చింపిన చెయ్యి ఇది. తిరిగొచ్చిన పుస్తకం దులిపితే కదిరి టికెట్టు, మదనపల్లె టికెట్టు, బెంగుళూరు టికెట్టు రాలుతాయి. ఇప్పటి మిషను టికెట్ల అక్షరాలు ఎండకు తొందరగా వెలిసిపోతాయి, అదొక్కటే బాధ. పాత రోజుల్లో చిల్లర లేకపోతే ఎంత బాకీ ఉన్నామో టికెట్టు వెనక రాసిచ్చేవాళ్లం. అలాంటి టికెట్టు ఒకటి పాత నవలలో దొరికింది. వెనక పెన్సిలుతో రెండు రూపాయలని ఉంది. రాసింది నేను కాదు. దిగేటప్పుడు ఆ ప్రయాణికుడు చదువుతూ చిల్లర సంగతే మరిచి ఉంటాడు. ఆ పుస్తకం అంత బాగుందన్నమాట.

ఒక పుస్తకం పద్నాలుగు నెలలకు వచ్చింది. అట్ట మీద సిమెంటు మరకలు, మధ్య పేజీల్లో సున్నం వేలిముద్రలు. బెంగుళూరులో కట్టే ఇళ్ల దగ్గర షెడ్లలో మన మండలం మనుషులు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. అది ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు తిరిగిందని తెచ్చినవాడు చెప్పాడు. పుస్తకంతోపాటు మెజస్టిక్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న కన్నడ కథల పుస్తకం కూడా తెచ్చి పెట్టెలో పెట్టాడు. "మనది ఇన్నాళ్లు వాడుకుంటిమి గదన్నా, వడ్డీ" అన్నాడు. ఏడు రోజుల్లో తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకు ఇంత అని నేను జరిమానా పెట్టి ఉంటే ఆ పుస్తకం ఆ షెడ్డులోనే పొయ్యిలోకి వెళ్లేది. జరిమానాకు భయపడినవాడు పుస్తకం తీసుకురాడు, ముఖం చాటేస్తాడు. పుస్తకమూ పోతుంది, మనిషీ పోతాడు.

అందుకే పోయినదాన్ని వెతకొద్దు. పాత పేపర్లవాడికి కిలోల లెక్కన ఎవరో అమ్మేశారని కూడా వింటారు. వినండి, ఊరుకోండి. నాకూ ఒకసారి పది పుస్తకాలు అలా పోయాయి. ఆ మనిషిని పట్టుకుని పదిమందిలో నిలదీస్తే పుస్తకాలు తిరిగి రావు, పైగా పెట్టె పక్క నుంచి నడవడానికి కూడా జంకేవాళ్లు పదిమంది తయారవుతారు.

మండలంలో అందమైన చోటు వదిలేయండి

మా మండలం పేరు బయటవాళ్లకు రెండు కారణాలుగా తెలుసు. ఒకటి సౌర విద్యుత్తు పార్కు. ఎన్‌టీపీసీవారి 250 మెగావాట్ల కేంద్రం 2016లో అక్కడే మొదలైంది. రెండోది గూటిబైలు తిమ్మమ్మ మర్రిమాను. అయిదెకరాలకు పైగా పరుచుకున్న ఆ చెట్టును 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కించారు. వెయ్యికి పైగా ఊడలు. దాని నీడలో నిలబడితే ఒక చెట్టు కింద ఉన్నామో, ఒక అడవిలో ఉన్నామో తెలియదు.

పెట్టె అక్కడ పెట్టమని అందరూ అన్నారు. ఫోటో బాగా వస్తుందన్నారు. నేను ఒప్పుకోలేదు. మర్రిమాను దగ్గరికి వచ్చేవాళ్లు బిడ్డల కోసం మొక్కుకోవడానికి వస్తారు, చెట్టును చూసి అబ్బురపడటానికి వస్తారు, వెళ్లిపోతారు. రేపు మళ్లీ రారు. పుస్తకం తీసుకున్నవాడు ఇంకో పుస్తకం కోసం మళ్లీ వచ్చే చోటు కావాలి మనకు. అంటే జనం వేచి చూసే చోటు. డీజిలు వాసన కొట్టే బస్టాపు, రేషను అంగడి వరస, ఆసుపత్రి బెంచీ, పాలు పోసే చోటు, పిండిమర. వేచి ఉండే మనిషికి చెయ్యి ఖాళీగా ఉంటుంది, కోపం కొంచెం ఉంటుంది. పుస్తకం అందడానికి అంతకంటే మంచి సమయం లేదు.

ఈ మాట నేను కనిపెట్టింది కాదు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెక్కించారు. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ వెంట ఆ పడవ తిరిగేది. కాలువ గట్టు ఊళ్లవాళ్లు రేవు దగ్గర పుస్తకాలు తీసుకునేవారు. అంతకు నాలుగేళ్ల ముందు తమిళ సీమలో మన్నార్‌గుడి పక్క మేలవాసల్ నుంచి ఎద్దులబండి మీద పుస్తకాలు ఊళ్లకు బయల్దేరాయి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదటి గ్రంథాలయ మహాసభ జరిపించినప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ తరంవాళ్లు పాఠకుడు నడిచి వస్తాడని కూర్చోలేదు, పాఠకుడు నడిచే దారి ఏదో చూసి అక్కడికి పుస్తకాన్ని మోసుకెళ్లారు. వాళ్లకు కాలువలున్నాయి. మనకు పడవ తిరిగే కాలువ లేదు, వానా లేదు. మనకున్నది కదిరి బస్సు. కాబట్టి మన రేవు బస్టాపే.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం హడ్సన్‌లో టాడ్ బోల్ అనే ఆయన 2009లో టీచరుగా చేసిన తల్లి జ్ఞాపకంగా బడి ఆకారంలో ఒక చిన్న పెట్టె చేసి ఇంటి ముందు నాటాడు. ఇప్పుడు దేశదేశాల్లో అలాంటివి లక్షకు పైగా ఉన్నాయి. ఆయన్ను చూసి ఇంటి ముందు పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ ఇంటి ముందు కాలిబాట ఉంటుంది, అందరూ నడుస్తారు. మన దగ్గర ఇంటి ముందంటే ఆ ఇంటివాళ్ల వీధి, ఆ ఇంటివాళ్ల చుట్టాలు. మీ గడప ముందు పెట్టకండి.

మంచి పుస్తకాలు కొని నింపొద్దు

ఇది వినగానే చాలామంది నొచ్చుకుంటారు. నేను చదువుకు శత్రువునని ఒక పెద్దాయన అన్నారు. నా మొదటి పెట్టెలోని నూట ఇరవై పుస్తకాలూ గొప్పవే. జీవిత చరిత్రలు, వ్యక్తిత్వ వికాసం, పురాణాలు, జనరల్ నాలెడ్జి. ఒక్కటీ ఎవరి ఇంట్లోంచీ వచ్చింది కాదు. కొన్నవి, అడిగి తెచ్చినవి. అవి పెట్టెలో కూర్చుని ఊరికి బుద్ధి చెబుతున్నట్టుండేవి.

మా అమ్మ చదివింది అయిదో తరగతి. ఆమె గ్రంథాలయం మంచం కింద రేకు పెట్టె. అందులో పత్రికల్లోంచి చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో పురికొస పోసి కుట్టిన సీరియళ్లు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, జ్యోతి. యద్దనపూడి సులోచనారాణి నవలలు మా ఇంట్లో అచ్చు పుస్తకాలుగా ఎప్పుడూ లేవు, ఈ కుట్టిన కాగితాలుగానే ఉండేవి. పేజీకి ఒక పక్క కథ, ఇంకో పక్క సబ్బు ప్రకటన. ఆంధ్రదేశమంతా ఆడవాళ్లు ఇలా కుట్టుకున్నారు. బైండు చేయించుకోగలిగినవాళ్లు చేయించుకున్నారు. గ్రంథాలయ ఉద్యమం చరిత్ర రాసేవాళ్లు వీళ్లను ఎందుకు లెక్కలోకి తీసుకోరో నాకు అర్థం కాదు. ఒక్కో ఇంటి రేకు పెట్టె పదిళ్లకు పంచింది. అద్దె లేదు, సంతకం లేదు. పుస్తకంతోపాటు గిన్నెలో ఊరిబిండి వెళ్లేది, వట్టి గిన్నె తిరిగి రాకూడదని వాళ్లు ఇంకేదో పెట్టి పంపేవాళ్లు.

మా అమ్మ కుట్టిన వాటిలో ఒకదానికి చివరి మూడు వారాలు లేవు. ఆ మూడు వారాలూ పత్రిక మా ఊరికి రాలేదో, ఇంట్లో డబ్బు లేదో. నేను దాన్ని పనికిరానిదని అటక మీద పడేశాను. తాళం పోయాక, పుస్తకాలు చాలక, దాన్నీ తెచ్చి పెట్టెలో వేశాను. నా దగ్గరున్న పుస్తకాలన్నిటిలో ఎక్కువమందిని కలిపింది అదే. చదివినవాళ్లు చివర్లో ఆగిపోయి, పెట్టె దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు: "ఆ పిల్ల ఎవుర్ని చేసుకున్నెట్ల?" ఇంకొకరు అందుకునేవారు. ఒక ముసలమ్మకు తాను చిన్నప్పుడు చదివింది గుర్తుంది, కాని ఆమె చెప్పిన ముగింపు మీద ఇద్దరికి అనుమానం. డిగ్రీ చదివే పిల్ల ఒకతి తానే ముగింపు రాసి, మూడు ఠావులు మడిచి పుస్తకం చివర పెట్టింది. ఇంకో చేతిరాతలో ఇంకో ముగింపు వచ్చింది. మొదటిదాన్ని రాసిన పిల్లకూ రెండోదాన్ని రాసినామెకూ ముఖపరిచయం కూడా లేదు. ఇద్దరూ కలుసుకున్నది, ఇప్పుడు ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు పోవడం మొదలైంది ఆ చిరిగిన కట్ట దగ్గరే.

కాబట్టి చివరి పేజీలు లేని పుస్తకాన్ని పారేయకండి. నిండు పుస్తకం చదివినవాడు మూసి పక్కన పెడతాడు. చివర లేనిది చదివినవాడు మనిషిని వెతుక్కుంటూ వస్తాడు. మధుబాబు షాడోలు పెట్టండి, కొమ్మూరి డిటెక్టివులు పెట్టండి, అట్టల్లేని చందమామలు పెట్టండి. విద్వాన్ విశ్వం, బండి నారాయణస్వామి మన అనంతపురంవాళ్లే, వాళ్ల పుస్తకాలూ పెట్టండి, కాని పెట్టి ఊరుకోండి. చదవమని చెప్పకండి. షాడో కోసం చెయ్యి పెట్టినవాడి వేలికి నారాయణస్వామి 'శప్తభూమి' తగిలే రోజు వస్తుంది. నా పెట్టెలో అది వెళ్లి ఏడాది దాటింది. ఇంకా రాలేదు. ఏ ఊళ్లో ఉందో గాని చదువుతున్నారు, అందుకే రాలేదు.

చదువు రానివాళ్ల కోసం పెట్టండి

కర్నూలువాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయ ఉద్యమానికి ఏళ్లతరబడి పెద్దగా ఉండి, వయోజన విద్యను దానికి జంటగా నడిపించారు. అక్షరం రానివాణ్ని వదిలేసి గ్రంథాలయం కట్టడమంటే ఊరికి సగం ఇల్లు కట్టడం. పెట్టెకూ అదే మాట వర్తిస్తుంది.

సంతకం రాదన్న ఆ తల్లి ఇప్పుడు వారానికొక పుస్తకం తీసుకెళుతుంది. బొమ్మ చూసి ఎంచుకుంటుంది. బస్సు ఆలస్యమైతే పక్కన కూర్చున్న ఎవరికైనా ఇచ్చి "రెండు పేజీలు సదువు నాయనా" అంటుంది. అలా చదివి వినిపించిన కాలేజీ కుర్రాడు ఒకడు నాతో చెప్పాడు, ఆమె మధ్యలో వేసిన ప్రశ్నకు తాను జవాబు చెప్పలేక ఆ పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి చదివానని. ఒక్కడే చదువుకుంటే అతనికి ఆ అవసరం వచ్చేది కాదు.

ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నవాళ్లకు చేతులు, కాళ్లు రెండూ పనిలోనే ఉంటాయి, ఖాళీగా ఉండేది చెవులు. అక్కడ పెట్టె పెట్టేవాళ్లు పెద్ద అక్షరాల పుస్తకాలు, కథల పుస్తకాలు, పైకి చదివితే బాగుండేవి ఎంచండి. బడి నుంచి వచ్చిన పిల్లల చేత చదివించండి. హిందూపురంలో పెట్టేవాళ్లు కన్నడం, ఉర్దూ తప్పకుండా ఉంచండి. మీకు చదవడం రాని భాష పుస్తకం పెట్టెలో ఎందుకని అడగొద్దు. మన పెట్టెలో తన లిపి చూసుకున్న మనిషి తనను కూడా ఈ ఊరు లెక్కలో పెట్టుకుందని అనుకుంటాడు. మా పెట్టెలోని ఆ కన్నడ కథలు మూడుసార్లు వెళ్లి వచ్చాయి. మా ఊళ్లో కన్నడం చదివేవాళ్లున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

నిశ్శబ్దం అని రాసిన బోర్డు పెట్టొద్దని వేరే చెప్పనక్కర్లేదు గదా.

పుస్తకంలో రాయనివ్వండి

పుస్తకం మీద గీత గీస్తే మా సార్లు చెయ్యి వాయగొట్టేవారు. ఆ దెబ్బల మీద ఆన, నా పెట్టెలో మాత్రం పెన్సిలు కట్టి ఉంచాను.

మాకు పొరుగునే గాండ్లపెంట మండలంలో కటారుపల్లె ఉంది. వేమన సమాధి అక్కడే ఉందని చెప్పుకుంటాం. వేమన పద్యాలు రెండు మూడు వందల ఏళ్లు ఎలా బతికాయో ఒక్కసారి ఆలోచించండి. ఏ అరలోనూ తాళం వేసి దాచలేదు. నోట పాడుకున్నవాళ్లు, తాటాకుల మీద రాసుకున్నవాళ్లు, తమకు తోచింది చేర్చినవాళ్లు, తమకు నచ్చనిది వదిలేసినవాళ్లు. కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి ప్రతులు పోగు చేయించిన బ్రౌను దొరకు దొరికినవి ఒకదానితో ఒకటి కలవని ప్రతులు. వాటిని సరిచూసి ఆయన 1829లో వేమనను అచ్చు వేయించాడు. ఆ ప్రతులు కలవకపోవడం చూసి నాకు బాధ లేదు. ఎవరూ ముట్టుకోకుండా భద్రంగా దాచిన ప్రతి ఒక్కటే ఉండి ఉంటే అది చెదల పాలై, మనకు వేమన లేడు. ఊరూరా చేతులు మారి, చేతి మరకలు పడి, తప్పులు పడి, అందుకే మిగిలాడు.

మా పెట్టె పుస్తకాల అంచుల్లో ఇప్పుడు ఉత్తరాలు నడుస్తున్నాయి. "ఈడ ఏడుపొచ్చింది" అని ఒకరు రాస్తే, కింద వేరే రాతలో "నాకూ" అని ఉంది. వ్యవసాయం పుస్తకంలో ఎరువు మోతాదు పక్కన "మన నేలకు ఇది ఎక్కువ, సగం చాలు" అని ఎవరో రైతు దిద్దాడు. ఆ దిద్దుబాటు వల్ల ఆ పుస్తకం విలువ పెరిగిందనే నేనంటాను.

పుట్టపర్తి నారాయణాచార్యులవారు పెనుకొండలో తిరుగుతూ 'పెనుగొండ లక్ష్మి' రాసేనాటికి ఇంకా పిల్లవాడే. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆయన రాసిన ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమైంది. కోట గోడలు చూసి ఒక పిల్లవాడికి పద్యం తన్నుకొచ్చినప్పుడు కాగితం అందుబాటులో ఉంది. అందుకని ప్రతి పెట్టెలో ఒక తెల్లకాగితాల నోటుబుక్కు కూడా ఉంచండి. దాని మీద ఏమీ రాయకండి, పేరు పెట్టకండి. మా నోటుబుక్కులో మొదటి ఆరు పేజీలూ చుక్కల ముగ్గులు. ఏడో పేజీలో పాట.

కట్టడం గురించి కొంచెం

వడ్రంగి చేత టేకు పెట్టె చేయించొద్దు. టమోటా క్రేటు చాలు. మదనపల్లె మార్కెట్టు దగ్గరున్న మనకు పాత క్రేట్లకు కొదవ లేదు. ప్లాస్టిక్కు చెద పట్టదు, విరిగితే ఇంకోటి. పాడైన ఫ్రిజ్ డొల్ల కూడా బాగా పనికొస్తుంది, కాని చిన్నపిల్లలు లోపలికి దూరి తలుపు వేసుకుంటే ఊపిరాడదు, కాబట్టి దాని తలుపు పీకి పారేసి గుడ్డ తెర కట్టాలి. ఇది మాత్రం మరవకండి.

మన సీమలో పుస్తకానికి శత్రువు వాన కాదు. ఏడాదికి ఎన్ని రోజులు పడుతుందని? ఎండ, చెద, ఈ రెండే. చవక కాగితంలో చెక్క గుజ్జులోని లిగ్నిన్ అలాగే మిగిలిపోతుంది. వెలుతురు తగిలితే కాగితం పచ్చబడి, అప్పడంలా విరుగుతుంది. సౌర పార్కు పెట్టడానికి ఇంత ఎండ ఉన్న మండలమని ఎంచారంటే పుస్తకానికి ఆ ఎండ ఏం చేస్తుందో ఆలోచించుకోండి. అందుకే అద్దాల తలుపు వద్దంటున్నాను. పెట్టె ముఖం ఉత్తరానికి తిప్పండి. క్రేటును నేల మీద కాక తాడిపత్రి బండ మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. చెద గోడ వెంటే ఎక్కుతుంది. వారానికొకసారి పుస్తకాలన్నీ తీసి దులిపి పెట్టడమే అసలు మందు. ఎక్కువ చేతులు తాకే పుస్తకానికి చెద పట్టడం నేను చూడలేదు.

పిల్లల పుస్తకాలు కింద వరసలో. పెట్టె సగం ఖాళీగా ఉండాలి. నిండిన పెట్టెను చూస్తే ఇంకొకటి పెట్టాలనిపించదు.

దాత పేరు అంటించొద్దు. ప్రారంభోత్సవం వద్దు. నేను చేశాను, రిబ్బను కత్తిరించినవాళ్లు మళ్లీ ఆ పెట్టె వైపు రాలేదు, అది వాళ్ల పెట్టె అనుకుని మిగతావాళ్లూ రాలేదు.

పెట్టె ఉంది కదా అని ఊరుకోవద్దు

సలహాల్లో ఇది అందరికీ అప్రియమైనది. పెట్టె పెట్టినవాళ్లు సర్కారు గ్రంథాలయం కోసం ఇంకా గట్టిగా అడగాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. అది మన డబ్బు. పోటీ పరీక్షలకు చదివే పిల్లకు కూర్చునే బల్ల కావాలి, లైటు కావాలి, ఫ్యాను కావాలి, మరుగుదొడ్డి కావాలి, ఈ నెల పత్రికలు కావాలి, అడిగితే చెప్పే గ్రంథపాలకుడు కావాలి. ఇవేవీ నా టమోటా క్రేటు ఇవ్వలేదు. "మీ ఊళ్లో పెట్టె బాగా నడుస్తోంది గదా, ఇంక లైబ్రరీ ఎందుకు" అని ఎవరైనా అంటే వాళ్లకు నవ్వుతూ తల ఊపకండి. అక్కడికక్కడే కాదని చెప్పండి. పెట్టె వల్ల చదివేవాళ్లు పెరిగారు కాబట్టే గ్రంథాలయం కావాలని చెప్పండి. మేమైతే పెట్టె దగ్గర కూడిన పదిహేనుమందిమి కలిసి అర్జీ రాశాం. సంతకం రాదన్న తల్లి దాని మీద సంతకమే చేసింది. కొడుకు నేర్పాడు.

ఇక మొదలుపెట్టేవాళ్లకు. పుస్తకాలు పోగయ్యేదాకా ఆగకండి, ఇంట్లో ఉన్న ఏడో ఎనిమిదో చాలు. పొద్దుటి బస్సుకు అరగంట ముందు క్రేటు తీసుకెళ్లి బండ మీద పెట్టండి. ఎవరినీ పిలవకండి, ఏమీ చెప్పకండి. మొదటి రోజు ఎవరూ ముట్టుకోరు. అప్పుడు మీరే ఒకటి తీసుకుని, అందరికీ కనబడేలా బెంచీ మీద కూర్చుని చదవండి. బస్సు వస్తే పుస్తకం తిరిగి పెట్టొద్దు. చేత్తో పట్టుకునే ఎక్కేయండి.